గోడ మీద కుంభాల వరస: పిల్లలతో ఒక జ్యామితి ప్రాజెక్టు డైరీ

పని మొదలుపెట్టే ముందు

మా అరుగు వెనక గోడకీ, మేడమెట్ల పక్క గోడకీ సంక్రాంతి లోపల రంగు వెయ్యాలి. మామూలుగా అయితే కింద ఒక ఎర్ర గీత లాగి వదిలేస్తాం. ఈసారి పట్టుచీర అంచు వేయిద్దామని అనుకున్నాను. మేం ఉండేది ఒడిశాలో, గంజాం జిల్లా బరంపురం. మా చుట్టుపక్కల తెలుగు పెద్దవాళ్ళలో చాలామంది మగ్గం మీద కూర్చున్నవాళ్ళే. ఈ ఊరి పట్టుచీర అంచుకి ఫోడా కుంభం అని పేరు. గుడి శిఖరంలా మెట్లు మెట్లుగా పైకి సన్నబడే బొమ్మ, ఒకదాని పక్కన ఒకటి, చీర పొడుగునా నడుస్తుంది. బరంపురం పట్టుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది కూడా ఈ కుంభం పేరు కలుపుకునే. గోడ మీద దాన్ని వేసేది సాయంత్రాలు నా దగ్గర లెక్కలు చెప్పించుకునే పిల్లలు, ఆరో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా.

నాకు కావలసింది అంచు ఒక్కటే కాదు. ఒక బొమ్మని తిప్పకుండా, బోర్లించకుండా, పెంచకుండా, తగ్గించకుండా ఉన్నదున్నట్టు ఇంకో చోటికి జరిపితే జ్యామితిలో దాన్ని స్థానాంతరణం అంటాం. పరీక్షలో ‘నాలుగు గళ్ళు కుడికి, రెండు గళ్ళు పైకి జరపండి’ అని వస్తే మా పిల్లలందరూ చేసేస్తారు. ‘ఇది జరిపిన బొమ్మే, తిప్పిన బొమ్మ కాదు అని ఎలా నమ్మిస్తావు?’ అంటే మాత్రం బిక్కమొహం వేస్తారు. ఆ జవాబు వాళ్ళ నోటి నుంచి రావాలి. మొదటి బొమ్మలోని ప్రతి బిందువు నుంచీ దాని జత బిందువుకి ఒక బాణం గీస్తే, ఆ బాణాలన్నీ ఒకే పొడవు ఉండాలి, ఒకే దిక్కుకి చూడాలి. ఒక్క బాణం తేడా వచ్చినా అది స్థానాంతరణం కాదు. ఈ ప్రాజెక్టు మొత్తం ఈ ఒక్క సంగతి కోసం.

1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి ప్రావిన్సు అయినప్పుడు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చి కలిసింది. అప్పటి నుంచీ ఇక్కడి తెలుగు ఇళ్ళలో పిల్లలకి బడి మాట వేరు, ఇంటి మాట వేరు. నా దగ్గరకొచ్చేవాళ్ళలో ఒడియా మీడియం వాళ్ళున్నారు, ఇంగ్లీషు మీడియం వాళ్ళున్నారు. అందుకని పుస్తకం పదాలన్నీ ముందు పక్కన పెట్టేశాను. గడి, బాణం, దారం. ఈ మూడు మాటలతోనే నడిపిస్తాను. పేర్లు తరవాత వాటంతటవే వస్తాయి.

శనివారం: కుంభానికి కొలతలు

సెంటీమీటరు గళ్ళ కాగితం మీద కుంభం గీశాం. అడుగున తొమ్మిది గళ్ళు, దాని మీద ఏడు, అయిదు, మూడు, కొసన ఒకటి. ఎత్తు అయిదు గళ్ళు. చీర మీద కుంభం ఇంతకంటే ఎంతో నాజూగ్గా ఉంటుంది, గోడకి మటుకు ఈ మోటు మెట్లే అందం. ఏడో తరగతి అమ్మాయి అడక్కుండానే గళ్ళన్నీ కూడి 25 అంది. ఒకటి నుంచి వరస బేసి సంఖ్యలు కూడితే వర్గం వస్తుందన్న ముచ్చట అక్కడే మొదలయ్యేది. బలవంతాన ఆపుకున్నాను. దానికి ఇంకో సాయంత్రం ఇవ్వాలి.

ఎడమ అడుగు మూల (0, 0). కుడి అడుగు మూల (9, 0). కొస నడిమధ్య (4.5, 5). పక్క కుంభం ఎడమ మూల (12, 0) దగ్గర మొదలవుతుంది.

‘ఒక కుంభాన్ని పక్క కుంభం దాకా ఎంత జరిపినట్టు?’ అన్నాను.

‘మూడు, మాస్టారూ,’ అన్నాడు తొమ్మిదో తరగతి కుర్రాడు వెంటనే. ఇంకో ఇద్దరు తలూపారు.

ఈ జవాబు నాకు కొత్త కాదు. ఏళ్ళ తరబడి జవాబు పత్రాల్లో చూస్తున్నాను, పైగా చురుకైన పిల్లలే రాస్తారు. మొదటి బొమ్మ కుడి మూల 9 దగ్గర ముగిసింది, రెండోదాని ఎడమ మూల 12 దగ్గర మొదలైంది, కంటికి ముందు ఆనేది ఆ మధ్య సందు. కానీ జరిగింది సందు కాదు, బొమ్మ. ఈ మాట నేను చెప్పలేదు. ట్రేసింగ్ కాగితం మీద కుంభం దించి వాడి చేతికిచ్చి, ‘సరే, మూడు గళ్ళు జరిపి చూపించు’ అన్నాను.

జరిపాడు. పై కుంభం కింద కుంభం మీద ఆరు గళ్ళ మేర ఎక్కి కూర్చుంది. వాడు కాసేపు దాన్నే చూశాడు. కాగితాన్ని మళ్ళీ వెనక్కి తెచ్చి, ఎడమ మూల మీద వేలు పెట్టి, గడి గడికీ పైకే లెక్కపెడుతూ జరిపాడు. పన్నెండు దగ్గర ఆగాడు.

‘కుడి మూల మీద వేలు పెట్టి చూడు.’

తొమ్మిది నుంచి ఇరవై ఒకటి. పన్నెండే.

‘కొస మీద?’

4.5 నుంచి 16.5. వాడు చెప్పేలోపలే ఆరో తరగతి పిల్ల, ‘అన్నీ పన్నెండేనేటి మాస్టారూ!’ అంది. ఇంతసేపూ నేను ఎదురుచూసింది ఆ మాట కోసమే. పుస్తకంలో ‘ప్రతి బిందువూ సమాన దూరం, ఒకే దిశలో’ అని ఒక పంక్తి ఉంటుంది, అందరూ దాటిపోయే పంక్తి. ఈ పిల్ల దాన్ని తనే కనిపెట్టింది.

గోడ మీద చాక్‌పీసుతో రాసి పెట్టాం: బొమ్మ 9, సందు 3, జరుపు 12. బొమ్మనీ సందునీ కలిపితే జరుపు. ఈ పని అయ్యేదాకా ఆ రాత చెరపొద్దని మా ఆవిడకి కూడా చెప్పాను.

ఆదివారం: దారాలు

పాత కార్టన్ అట్ట పరిచి, దాని మీద రెండు అట్టముక్కల కుంభాలు గుండుసూదులతో గుచ్చాం. రెండోది ఈసారి తిన్నగా పక్కకి కాదు: 8 కుడికి, 6 పైకి. మొదటి కుంభం ప్రతి మూల నుంచీ రెండోదాంట్లో దాని జత మూలకి దారం లాగి కట్టారు. దారాలన్నీ విప్పి ఒకచోట పేర్చి చూస్తే అన్నీ 10 సెంటీమీటర్లు. 8, 6, 10. తొమ్మిదో తరగతి వాళ్ళు పైథాగరస్ అని గుర్తుపట్టారు, చిన్నవాళ్ళకి కొలిచి చూసుకోవడమే చాలు.

మళ్ళీ కట్టించాను, ఎందుకంటే అసలు చూడవలసింది పొడవు ఒక్కటే కాదు. అడుగు మూలల దారాలు రెండూ తీసుకుంటే వాటి మధ్య ఒక సమాంతర చతుర్భుజం పడుతుంది: మొదటి కుంభం అడుగు గీత, రెండోదాని అడుగు గీత, రెండు పక్కలా రెండు దారాలు. సమానంగా, సమాంతరంగా ఉన్న రెండు గీతల కొసల్ని ఒకే వైపున కలిపితే, కలిపిన గీతలు కూడా సమానం, సమాంతరం. యూక్లిడ్ మొదటి పుస్తకం 33వ ప్రతిపాదన ఇదే. రెండువేల ఏళ్ళు దాటిన ఆ వాక్యం కార్టన్ అట్ట మీద దారాలతో నిలబడి ఉంటే నాకు ఎంతో సంతోషం వేసింది. పిల్లలకి యూక్లిడ్ పేరు చెప్పాను, ప్రతిపాదన నంబరు కూడా చెప్పాను. పెద్దయ్యాక వెతుక్కుంటారు.

జామెట్రీ పెట్టెలో మూలమట్టాలు రెండు ఉంటాయి కదా, చాలామందికి అవి పెట్టె నింపడానికే. స్కేలు కదలకుండా నొక్కి పట్టుకుని, దాని అంచు వెంట మూలమట్టాన్ని జారిస్తే, దాని మిగతా అంచులు ఎక్కడ ఆగినా పాత గీతకి సమాంతరంగానే ఉంటాయి. మూలమట్టం జరిగిందే గానీ తిరగలేదు కాబట్టి. సమాంతర రేఖలు గియ్యడానికి మనం చేసే పని అచ్చంగా స్థానాంతరణమే. ఎనిమిదో తరగతి అబ్బాయి దీన్ని అరగంట ఆడుకున్నాడు, అడ్డు చెప్పలేదు.

మంగళవారం

స్టెన్సిల్ తయారైంది. పాత ఎక్స్‌రే ఫిల్ము వేడినీళ్ళలో నానబెట్టి నలుపు గీకేస్తే అద్దంలా వచ్చింది. బ్లేడు పని నేనే చేశాను. కుంభం పక్కనే, దాని ఎడమ మూల నుంచి సరిగ్గా 12 సెంటీమీటర్ల దూరంలో, చిన్న గుర్తు రంధ్రం పెట్టాం.

గురువారం: పక్కింటి గుమ్మంలో పాదాలు

మార్గశిర గురువారం. మన ఇళ్ళలోనూ లక్ష్మీవారం నోము, ఒడియా వాళ్ళ ఇళ్ళలో మాణబసా అనే లక్ష్మీపూజ. పక్కింటి మావుసీ తెల్లవారకముందే బియ్యప్పిండి నీళ్ళతో ఝోటి, అంటే వాళ్ళ ముగ్గు, వేసింది. వీధి గుమ్మం నుంచి ఇంట్లో పూజ దగ్గరికి లక్ష్మి పాదాలు. కుడి పాదం, ఎడమ పాదం, కుడి పాదం, ఎడమ పాదం, నడిచి వస్తున్నట్టే.

పిల్లల్ని పిలుచుకెళ్ళి దూరంగా నిలబెట్టాను, తొక్కకూడదు కదా. ‘ఇది మన కుంభాల వరసలాంటిదేనా?’ అన్నాను. సగం మంది అవునన్నారు. ఏడో తరగతి అమ్మాయి మాత్రం చేతులు రెండూ నేల మీద చాపినట్టు గాల్లో పెట్టి, ఒకటి జరిపి చూసి, ‘కుడికాలు ఎంత జరిపినా ఎడంకాలు అవదు మాస్టారూ, బొటనవేలు అటేపు ఉండిపోద్ది’ అంది.

అదే. కుడి పాదం నుంచి తరవాతి కుడి పాదానికి బాణం గీస్తే స్థానాంతరణం. కుడి నుంచి ఎడమకి పోవాలంటే జరపడంతో పాటు నడిచే దారి గీత మీద అద్దం పట్టినట్టు తిరగెయ్యాలి కూడా. ఈ రెండు పనులూ కలిసిన దానికి జ్యామితిలో వేరే పేరు ఉంది, ఇప్పుడు చెప్పలేదు. కానీ దాన్ని రెండుసార్లు చేస్తే ఏమవుతుందో అడిగాను. కుడి, ఎడమ, మళ్ళీ కుడి. రెండు తిరగేతలు ఒకదాన్నొకటి చెరిపేసుకుని ఉత్త జరుపే మిగిలింది. మావుసీకి మేం అంతసేపు ఏం చూస్తున్నామో అర్థం కాలేదు గానీ, పిల్లలందరికీ చేతినిండా ప్రసాదం పెట్టి పంపింది.

ఒక పట్టీ పొడుగునా మళ్ళీ మళ్ళీ వచ్చే నమూనాలు, వాటి సౌష్ఠవాన్ని బట్టి చూస్తే, మొత్తం ఏడు రకాలే. చీర అంచైనా, గుడి గోడ మీద చెక్కిన వరసైనా, మెట్ల రెయిలింగైనా ఏడింట్లో ఒకటి అయి తీరాలి. మన కుంభాల వరస ఒక రకం, లక్ష్మి పాదాలు ఇంకో రకం. ఏడింటికీ ఈ వీధిలోనే ఉదాహరణలు దొరుకుతాయేమో వెతకమని పురమాయించాను.

శనివారం: తాత మగ్గం

నేత వీధిలో మాకు తెలిసిన ఒక తాత ఉన్నారు. ఇప్పుడు నెయ్యడం లేదు. మగ్గం సామాను మాత్రం పారెయ్యలేదు. పడుగు (నిలువు పోగులు), పేక (అడ్డ పోగు), నాడె, పన్నె, ఒక్కొక్కటే పిల్లల చేతుల్లో పెట్టి పేరు చెప్పించారు. అసలు నేను చూపించాలనుకున్నది జకార్డు అట్టల గొలుసు. 1804లో ఫ్రాన్సులో జోసెఫ్ మేరీ జకార్డు తెచ్చిన పద్ధతి ఇది. ఒక్కో అట్టకి కొన్ని చోట్ల చిల్లులు. చిల్లు ఉన్న చోట పడుగు పోగు పైకి లేస్తుంది, లేనిచోట లేవదు. ఒక అట్టకి ఒక పేక. అట్టలన్నీ దారంతో ఒకదానికొకటి కుట్టి, చివరి అట్టని మొదటి అట్టకి కలిపేస్తారు.

‘ఆఖరి అట్ట అయిపోయాక ఏ అట్ట వస్తుంది తాతా?’

‘మళ్ళా మొదటిదే. మరి ఎక్కడికెల్తాది?’

ఆ మాటలో మా పాఠం అంతా ఉంది. అక్కడే నేల మీద లెక్క వేశాం. గొలుసులో 120 అట్టలున్నాయనుకుందాం, అంగుళానికి 60 పేకలు పడతాయనుకుందాం. 120 పేకల తరవాత మళ్ళీ అదే బొమ్మ మొదలవుతుంది, అంటే రెండు అంగుళాలకి ఒకసారి. గొలుసు పొడవే జరుపుని తేలుస్తుంది. నేసేవాడు పేక మెత్తగా కొడితే జరుపు పెరుగుతుంది, గట్టిగా కొడితే తగ్గుతుంది, బొమ్మ కూడా సాగుతుంది, నలుగుతుంది. అప్పుడు అది స్థానాంతరణం కాకుండా పోతుంది. ‘చెయ్యి ఒక్కలాగ పడాల. ఒక కుంభం పొడుగు, ఒక కుంభం పొట్టి అయితే కట్టుకున్న ఆడమనిషికి తెలిసిపోద్ది బాబూ,’ అన్నారు తాత.

చీర మడత విప్పి రెండు అంచులూ చూపించారు. కుంభాల కొసలు రెండు పక్కల నుంచీ చీర నడుముకేసి చూస్తున్నాయి. ‘ఈ అంచుని జరుపుకుంటూ పోతే ఆ అంచు మీద సరిపోతుందా?’ అని అడిగితే, ఈసారి ఎవరూ తొందరపడలేదు. ట్రేసింగ్ కాగితం తీశారు. ఎంత జరిపినా కొసలు అటే చూస్తాయి. ఒక్కసారి మడిస్తే గానీ కుదరలేదు. చీర నిలువు మధ్యగీత అక్కడ అద్దం.

ఇంటికొచ్చాక ఇంకో మెట్టు ఎక్కించాను. ట్రేసింగ్ కాగితం మీద 6 సెంటీమీటర్ల ఎడంలో రెండు సమాంతర గీతలు. మొదటి గీత మీద కుంభాన్ని అద్దం బొమ్మగా దించండి, ఆ వచ్చినదాన్ని రెండో గీత మీద మళ్ళీ దించండి. వచ్చింది తిరగబడని కుంభం, మొదటి చోటు నుంచి సరిగ్గా 12 సెంటీమీటర్లు జరిగి. సమాంతరంగా ఉన్న రెండు అద్దాల్లో వరసగా ప్రతిబింబిస్తే జరుపు అవుతుంది, అద్దాల మధ్య దూరానికి రెట్టింపు. గీతల ఎడం 5 పెట్టి చూశారు, 10 వచ్చింది. గీతల క్రమం మారిస్తే ఎడమకి పోయింది. రాత్రి భోజనాల వేళ దాకా ఎవరూ లేవలేదు, వాళ్ళ అమ్మలు వచ్చి పిలుచుకుపోయారు.

ఆదివారం: అరుగు గోడ

గోడ పొడవు 391 సెంటీమీటర్లు. ఎన్ని కుంభాలు పడతాయి? ఒక్కొక్కదానికి 12 అనుకుని భాగిస్తే సరిగ్గా రాదు, ఎందుకంటే చివరి కుంభం తరవాత సందు అక్కర్లేదు. కుంభాల సంఖ్యని 12తో గుణించి 3 తీసెయ్యాలి. 32 కుంభాలకి 381. 33 అయితే 393, గోడ దాటిపోతుంది. 32 ఖాయం. మిగిలిన 10 సెంటీమీటర్లు రెండు కొసలకీ అయిదేసి.

ఇక్కడ పెద్ద పిల్లలిద్దరికీ వాదన వచ్చింది. స్టెన్సిల్‌కి గుర్తు రంధ్రం ఉంది కదా, ఒక కుంభం వేసి, గుర్తు పెట్టి, ఆ గుర్తు దగ్గర పక్కది వేసుకుంటూ పోదాం అని ఒకడు. వద్దు, టేపు ఒక్కసారే పరిచి అన్ని గుర్తులూ ముందే పెట్టేద్దాం అని ఇంకొకడు. రెండూ స్థానాంతరణాలే, కాగితం మీద రెండింటికీ తేడా లేదు. గోడ మీద చాలా తేడా. చేతిలో ప్రతిసారీ 2 మిల్లీమీటర్లు ఎక్కువ పడిందనుకోండి, మొదటి పద్ధతిలో ఆ తప్పు పక్కదానికి, దాని పక్కదానికి పేరుకుంటుంది. 31 జరుపులకి 62 మిల్లీమీటర్లు. కొసన మనం వదిలింది 50. చివరి కుంభం గోడ దాటి 12 మిల్లీమీటర్లు గాల్లో ఉంటుంది. టేపు పరిచి 5, 17, 29, 41 అంటూ మొదటి చోటు నుంచే కొలిస్తే ఏ తప్పు దానిదగ్గరే ఆగిపోతుంది. ఇలా ఒకే తేడాతో పెరిగే అంకెల వరస, అంకశ్రేఢి, తొమ్మిదో తరగతి వాళ్ళకి ఇంకా రాలేదు, దాన్ని మాత్రం ఇవాళ గోడ మీద గీశారు.

నీలిమందులో ముంచిన దారం రెండు కొసల్లో పట్టుకుని లాగి వదిలితే అడుగు గీత పడింది. స్పాంజి ముక్కతో ఎర్ర రంగు అద్దారు. తడి ఎక్కువైతే రంగు ఫిల్ము కిందికి పాకి మెట్ల అంచులు చెదిరిపోతున్నాయి. స్పాంజిని కాగితం మీద రెండుసార్లు అద్దాక గోడకి అద్దితే అంచు కత్తితో కోసినట్టు వచ్చింది.

బుధవారం: మేనల్లుడు వచ్చాడు

ఇచ్ఛాపురంలో ఇంటర్ చదివే మా మేనల్లుడు రైలు దిగి నేరుగా గోడ దగ్గరికొచ్చాడు. వాడి లెక్కల్లో అక్ష పరివర్తన ఉంది: అక్షాల్ని జరిపితే కొత్త నిరూపకాలు ఏమిటి అన్నది. ‘అక్కడ జరిపినంతా తీసెయ్యాలి మావయ్యా, ఇక్కడ కలుపుతున్నారేటి?’ అన్నాడు. ఎన్నో ఏళ్ళుగా పిల్లల్ని తికమక పెట్టే చోటు ఇది.

గళ్ళ కాగితం మీద గళ్ళు గీసిన ఫిల్ము పరిచాం. కింద కాగితం మీద చుక్క 9 దగ్గర ఉంది. చుక్కని కదపకుండా ఫిల్ముని 4 గళ్ళు కుడికి జరిపితే, ఫిల్ము గళ్ళ ప్రకారం ఇప్పుడు చుక్క 5 దగ్గర ఉంది. ఫిల్ముని కదపకుండా చుక్కని 4 ఎడమకి జరిపినా 5. బొమ్మ కుడికి జరిగినా, కొలత పట్టీ ఎడమకి జరిగినా అంకె ఒక్కటే. ఒకదాంట్లో కలపడం, ఇంకోదాంట్లో తీసెయ్యడం ఎందుకో వాడికి అప్పుడు కళ్ళారా కనబడింది.

వాడే ఇంకో మాట అన్నాడు. టేపు సున్నా గోడ మూలలో పెట్టాం కాబట్టి 5, 17, 29. మొదటి కుంభం దగ్గరే సున్నా పెట్టి ఉంటే 0, 12, 24. చోట్ల అంకెలన్నీ మారతాయి. మధ్య తేడా 12 మాత్రం మారదు. చుక్క ఎక్కడుందో చెప్పడానికి మూల బిందువు కావాలి, ఎంత జరిగిందో చెప్పడానికి అక్కర్లేదు. ఎంత దూరం, ఏ దిక్కుకి అని చెప్పే మన బాణానికి సదిశ అన్న పేరు ఇవాళ చెప్పేశాను. అందరికీ అప్పటికే తెలిసిన వస్తువుకి పేరు పెట్టడమే అయింది.

శనివారం, ఆదివారం: మేడమెట్లు

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే నచ్చిన రెండు రోజులు ఇవి.

పాత ఇల్లు, మెట్లు నిటారు. మెట్టు వెడల్పు 24, ఎత్తు 18. ప్రతి మెట్టుకీ ఎదురుగా గోడ మీద ఒక కుంభం. అంటే బాణం (24, 18). ముందు కుడికి 24 పోయి 18 ఎక్కినా, ముందు 18 ఎక్కి 24 పోయినా చేరేది అక్కడికే, మెట్టు మీద నిలబడి చేత్తో చూపించుకున్నారు. ఏటవాలు పొడవు 30, వాళ్ళ పెద్ద స్కేలు కచ్చితంగా పట్టింది. 24, 18, 30 అంటే 4, 3, 5కి ఆరేసి రెట్లు.

స్టెన్సిల్ చేతిలోకి తీసుకున్న అబ్బాయి, చెయ్యి తనకు తానే పోయినట్టు, దాన్ని మెట్ల వాలుకి వంచి పెట్టాడు. చూడ్డానికి బాగానే ఉంది కూడా. ‘వొంకరగా ఉన్నాది’ అని ఒకరు, ‘మెట్లే వొంకర కదా, దాంతో పాటు వంగాల’ అని ఇంకొకరు. నేను దారాల డబ్బా తెచ్చి మధ్యలో పెట్టి కూర్చున్నాను.

కింది మెట్టు దగ్గర నిటారు కుంభం ఉంది. పై మెట్టు దగ్గర వంచిన కుంభాన్ని పెన్సిలుతో గీసి, మూల మూలకీ దారం లాగారు. ఎడమ మూల దారం 30. కుడి మూల దారం 32 దాటింది. కొస దారం 28 చిల్లర. దారాలు సమాంతరంగా కూడా లేవు, ఒకదానికేసి ఒకటి వాలి ఉన్నాయి. వంచడమంటే దాదాపు 37 డిగ్రీలు తిప్పడం, తిప్పిన బొమ్మలో ప్రతి మూలా తన దారిన తను పోతుంది. కుంభాన్ని చెరిపి, ఇటుకముక్కకి దారం కట్టి వేలాడదీసి, దాని పక్కన నిటారుగా మళ్ళీ గీశారు. మూడు దారాలూ 30.

జరిగే దారి ఏటవాలు కావచ్చు, బొమ్మ మాత్రం వాలకూడదు. ఇది అట్ట మీద (8, 6) చేసినప్పుడు ఎవరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే అక్కడ వాలుగా మెట్లు లేవు. మెట్లు కంటికి ఎదురుగా ఉంటే చెయ్యి వాటిని అనుసరిస్తుంది. ఎంత మంచి తరగతిలోనూ ఈ అనుమానం బయటికి రాదు, గోడ దగ్గర వచ్చింది.

వంచి గీసిన అబ్బాయే సాయంత్రం చిన్నవాళ్ళకి దారాలు లాగి చూపిస్తున్నాడు: ‘మూడూ ఒక్కటే అయితే జరిపీసినట్టు. ఒక్కటి తేడా వొచ్చినా తిప్పీసినట్టే.’ మొదటి రోజు నేను డైరీలో రాసుకున్న జవాబు ఇంతకంటే పొడుగ్గా ఉంది. వీడిదే బాగుంది.

మంగళవారం: మూల దగ్గర

మిగిలింది తలుపు పక్క నిలువు పట్టీ. అడ్డంగా వచ్చిన వరస మూల తిరిగి కిందికి దిగాలి. ఇక్కడ జరుపు పనికిరాదని పిల్లలే తేల్చేశారు. కిందికి (0, −12) జరిపితే కొసలు పైకే చూస్తుంటాయి. మనకి అవి గోడ లోపలికి చూడాలి. మూలలో 45 డిగ్రీల గీత ఒకటి వేసి, దాన్ని అద్దంగా పెట్టుకుని అడ్డ వరసని నిలువు వరసగా దించాలని నిర్ణయం. మూల బిందువు సున్నా అనుకుని అడ్డానికి ఎంత దూరమో, లోపలికి ఎంత లోతో కొలిస్తే, (12, 5) దగ్గర ఉన్నది (5, 12)కి పోతుంది, అంతే. ఆ ఒక్క మడత అయ్యాక నిలువునా మళ్ళీ మన పన్నెండే.

మూల ముక్కకి వేరే ఫిల్ము కొయ్యాలి. ఎక్స్‌రేలు అయిపోయాయి, తాత తన మోకాలి ఫిల్ము ఒకటి ఇస్తానన్నారు. మూల ముక్క పోగా నిలువు పట్టీకి మిగిలేది 165 సెంటీమీటర్లు. పన్నెండు పద్నాలుగులు 168, అందులోంచి మూడు పోతే సరిగ్గా 165. పద్నాలుగు కుంభాలు, కొసల్లో మిగులు లేకుండా పడతాయి. నీలిమందు దారం నిలువునా కొట్టి ఉంచాం. శనివారం రంగు.